కొలిమి ఆరింది లోహాసురుడి వల్ల కాదు

ఆషాఢ అమావాస్య నాడు రాయపూర్ చుట్టుపక్కల ఊళ్లలో హరేలీ పండుగ. మన పంచాంగంలో ఆషాఢం, ఛత్తీస్‌గఢ్ వాళ్ల లెక్కలో శ్రావణం. ఆరంగ్, అభన్‌పూర్, తిల్దా వైపు వెళ్తే ఆ పొద్దున రైతులు నాగళ్లూ పారలూ కొడవళ్లూ కడిగి, వాకిట్లో వరసగా పేర్చి, పూజ చేస్తూ కనిపిస్తారు. పిల్లలు గేడీలనే వెదురు మరగాళ్లెక్కి బురదలో తిరుగుతుంటారు. ఊరి లోహార్, అంటే కమ్మరి, సుత్తి పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ద్వారబంధానికి ఒక ఇనుప మేకు కొడతాడు. రావుత్ కులస్థుడు వేపమండ తగిలిస్తాడు. ఆ రాత్రి దుష్టశక్తులు తిరుగుతాయనీ, మేకున్న గడప దాటి లోపలికి రాలేవనీ నమ్మకం. మేకు కొట్టినందుకు ఇంటివాళ్లు బియ్యమో, వడ్లో, పప్పో తెచ్చి పోస్తారు. 2019 నుంచి హరేలీకి రాష్ట్ర ప్రభుత్వం సెలవు కూడా ఇస్తోంది.

ఇదంతా చూసి చదువుకున్నవాళ్లు అనే మాట దాదాపు ఒక్కటే. ఇక్కడి ఇనుప పనివాడు వెనకబడింది ఈ నమ్మకాల వల్లేనట. కాళ్ల కింద అంత ఖనిజం, దాన్ని ఇనుముగా మార్చే విద్య తాతల నుంచీ చేతిలో. అయినా దయ్యాలకు మేకులు కొడుతూ, ఇనుములో ఉండే లోహాసురుడికి కోళ్లు కోస్తూ కూర్చున్నాడు కాబట్టి ఆ విద్య చచ్చిపోయిందట. 1959లో భిలాయ్ కొలిమి వెలిగాకే ఈ నేలకు ఇనుము అంటే ఏమిటో తెలిసిందట. రాయపూర్‌లో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలోనూ ఇదే మాట. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, రైళ్లలో, కర్మాగారాల్లో చెమటోడ్చి పైకొచ్చిన కుటుంబాలు ఇవి. కష్టం తెలిసినవాళ్లు. వాళ్లు కూడా పక్క ఊరి లోహార్ గురించి మాట్లాడేటప్పుడు "పాపం, మూఢనమ్మకాలు" అని ముగించేస్తారు.

ఈ అభిప్రాయం తప్పు. పొరపాటుగా ఏర్పడిన తప్పు కూడా కాదు, ఎవరికో ఉపయోగపడే తప్పు. అందుకే దీన్ని ఖండించాలి.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ నమ్మకాలు నిజమని నేను వాదించడం లేదు. మేకు దయ్యాన్ని ఆపదు, ఎందుకంటే ఆపడానికి దయ్యం లేదు. శనివారం ఇనుము కొంటే కీడు జరగదు. బాలింత తలగడ కింద ఇనుప ముక్క పెట్టినా పెట్టకపోయినా బిడ్డ ఆరోగ్యంలో తేడా రాదు. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవి పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేస్తే అది నేరంతో సమానం. ఇవన్నీ ఒప్పుకుంటూనే అడుగుతున్నాను: ఈ నమ్మకాలకూ, కొలిమి ఆరిపోవడానికీ సంబంధం ఏమిటి? ఆ సంబంధాన్ని ఇంతవరకు ఎవరు చూపించారు?

రాతల్లో ఉన్నది చూద్దాం. 1887లో ప్రమథనాథ్ బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త, రాయపూర్ జిల్లా పశ్చిమ భాగంలో సాగుతున్న ఇనుప పరిశ్రమ గురించి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా రికార్డుల్లో రాశాడు. అప్పటికి దుర్గ్ జిల్లా లేదు, అది 1906లో పుట్టింది. ఇప్పుడు బాలోద్ జిల్లాలో ఉన్న దల్లీ, రాజహరా కొండలు అప్పట్లో రాయపూర్ కిందే ఉండేవి. దల్లీ రాజహరా గనుల్ని కనిపెట్టింది బోస్ అని పుస్తకాల్లో చదువుకుంటాం. నాగపూర్ మ్యూజియంలో దోరాబ్జీ టాటా చూసిన భూగర్భ పటంలో దుర్గ్ ప్రాంతం ముదురు రంగులో ఉండటం, ఆ పటాన్ని పట్టుకుని ఆయన మనుషులు ఆ కొండలెక్కడం, ఈ కథ భారత ఉక్కు చరిత్రలో అందరికీ తెలిసిందే. బోస్ గొప్ప శాస్త్రవేత్త. టాటాలకు మయూర్‌భంజ్ ఖనిజం గురించి 1904లో ఉత్తరం రాసినదీ ఆయనే, జంషెడ్‌పూర్ పుట్టుకకు దారి తీసినదీ ఆ ఉత్తరమే. కానీ రాయపూర్ పడమటి కొండల దగ్గర ఆయన చూసింది మనుషులు లేని ఖనిజాన్ని కాదు. అక్కడ ఇనుము తీసేవాళ్లు అప్పటికే ఉన్నారు. ఏ రాయి మంచిదో వాళ్లకు తెలుసు. శాస్త్రవేత్త రాసింది వాళ్ల పని గురించే. తరవాతి కాలం ఆయన పేరు ఉంచుకుంది, వాళ్ల పేర్లు వదిలేసింది, చివరికి వాళ్లకు మిగిల్చింది మూఢులన్న బిరుదు.

వాళ్ల పని ఎలాంటిదో తెలియకుండా వాళ్ల నమ్మకాల గురించి మాట్లాడటం అన్యాయం. ఉదాహరణకు మైకల్ కొండల్లో, అంటే బిలాస్‌పూర్, మండ్లా, బాలాఘాట్ వైపు, ఇనుము తీసే ఆదివాసులు అగరియాలు. బట్టీ బంకమట్టితో కడతారు, మనిషి నడుము ఎత్తు ఉంటుంది. పైనుంచి బొగ్గు, ఖనిజం కొద్దికొద్దిగా జారవిడుస్తారు. బొగ్గుకు సరాయి చెట్టే కావాలి, మనం గుగ్గిలం చెట్టంటాం. అడుగున మట్టి గొట్టం, దానికి వెదురు గొట్టాలు, వాటి చివర కాలితో తొక్కే రెండు తోలు తిత్తులు. ఒక తిత్తి దిగుతుంటే రెండోది లేవాలి. వంచిన వెదురు బద్దకు కట్టిన తాడు దాన్ని పైకి లాగుతుంది. గంటల తరబడి ఆ తొక్కుడు ఆగకూడదు. ఆడా మగా వంతులు మార్చుకుంటూ తొక్కుతారు. గాలి సన్నగిల్లితే వేడి పడిపోతుంది, వేడి పడిపోతే ఆ రోజు కూలీ, బొగ్గు, ఖనిజం అన్నీ బూడిదే.

లోపల జరిగేది ఇది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. ఈ చిన్న బట్టీ అంత వేడికి వెళ్లదు, వెళ్లనక్కర్లేదు కూడా. బొగ్గు కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. రాయిలోని మట్టి, ఇసుక కొంత ఇనుముతో కలిసి చిట్టెంగా కరిగి కిందికి కారిపోతాయి. కరగని ఇనుము ముద్దగా మిగులుతుంది. దాన్ని పట్టకార్లతో బయటికి లాగి, వేడి మీదే సమ్మెటతో బాది, మిగిలిన చిట్టెం కక్కిస్తారు. రాయపూర్ శివార్లలోని సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల్లో ఇవాళ పొగలు కక్కుతున్న స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు చేసేదీ మూలంలో ఇదే. ఇనుమును కరగనివ్వకుండానే ఖనిజంలోంచి ఆక్సిజన్ తీసేయడం. అక్కడ బొగ్గు గనిలోది, బట్టీ తిరిగే పొడుగాటి గొట్టం, కొలిచే యంత్రాలు ఉంటాయి. అగరియాకు ఉన్న యంత్రం మంట రంగు, చిట్టెం కారే తీరు, తిత్తి చేసే చప్పుడు. థర్మామీటరు లేకుండా, రసాయన సూత్రం తెలియకుండా, వందల ఏళ్లు దీన్ని సాధించినవాళ్ల గురించి మనం మాట్లాడుతున్నాం.

ఇక నమ్మకాల సంగతి. వెరియర్ ఎల్విన్ 1942లో వీళ్ల మీద ఒక పెద్ద పుస్తకమే ప్రచురించాడు. లోహాసురుడు ఇనుములో ఉంటాడు, కోయలాసురుడు బొగ్గులో, అగ్యాసురుడు నిప్పులో. లోహరీపూర్ అనే ఇనుప నగరంలో లోగుండి రాజు పాలించేవాడు. సూర్యుడితో వైరం వచ్చి ఆ నగరం కాలిపోయింది, అగరియాలు అడవుల పాలయ్యారు. బట్టీ వెలిగించే ముందు ఆ దేవతలకు కోడి, సారా. ఊరి బట్టీలో తీసిన ఇనుముకు వాళ్లు కువారీ లోహా అని పేరు పెట్టారు. దయ్యాన్ని ఆపే మేకుకైనా, పిల్లవాడి చేతి కడియానికైనా ఆ ఇనుమే కావాలి, కర్మాగారపు ఇనుముకు ఆ మహిమ లేదని నమ్మకం. దుక్కి దున్నే రైతులు కూడా కర్రుకూ గొడ్డలికీ అగరియా ఇనుమే మేలని, మెత్తగా ఉండి విరగదని, అడిగి చేయించుకునేవారు.

ఈ దేవతలు పనికి ఎక్కడ అడ్డొచ్చారు? కోడిని కోసి, తిత్తి తొక్కడం మానేసిన అగరియా ఎవరైనా ఉన్నాడా? మంత్రం చదివి బొగ్గు తగ్గించినవాడు ఉన్నాడా? బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ 1925లో ట్రోబ్రియాండ్ దీవుల జాలరుల గురించి చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. లోతు లేని కయ్యలో చేపలు పట్టడానికి వాళ్లు ఏ మంత్రమూ వాడరు, అక్కడ ప్రమాదం లేదు, వేట ఖాయం. నడి సముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం మంత్రాలు, నిష్ఠలు.  చేతనైనదంతా చేశాక కూడా ఫలితం చేతిలో లేని చోట మనిషి దేవుణ్ణి పిలుస్తాడు. అగరియా బట్టీ అలాంటి చోటు. అదే రాయి, అదే బొగ్గు, నిన్న ముద్ద వచ్చింది, ఇవాళ రాలేదు. ఎందుకో తెలుసుకునే సాధనం ఆ కాలంలో ఇంగ్లండులో పల్లెటూరి కమ్మరి దగ్గరా లేదు. అక్కడ కూడా గుర్రపు నాడా గుమ్మానికి కొట్టారు, కొలిమివాడికి మహిమలు అంటగట్టారు. అందువల్ల ఉక్కు నగరం షెఫీల్డ్ ఆగిపోయిందని ఎవరూ రాయలేదు.

మరి ఇక్కడ ఆగింది దేనివల్ల? తేదీలు చూడండి. 1878లో అటవీ చట్టం వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సెస్ అడవులు రిజర్వు అయ్యాయి. చెట్టు కొట్టడం, బొగ్గు కాల్చడం అనుమతి లేకుండా చేస్తే నేరం. అగరియాకు బొగ్గే ప్రాణం. దానికి తోడు బట్టీకి ఇంతని ఏటేటా పన్ను. కొండల్లో వారానికి కొన్ని కర్రులు చేసి గింజలకు మార్చుకునే మనిషి చేతిలో పన్నుకు రొక్కం ఎక్కడి నుంచి వస్తుంది? పన్ను భారానికి బట్టీలు ఎలా మూతపడ్డాయో ఎల్విన్ వివరంగా నమోదు చేశాడు. 1887లోనే, బోస్ వ్యాసం అచ్చయిన ఆ ఏడాదే, బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ పట్టాలు రాయపూర్ మీదుగా సాగాయి, వాటి వెంట విదేశీ ఇనుము సంతల్లోకి దిగింది. పట్టాల కింద పరిచిన స్లీపర్లకు సరాయి చెట్లే కావాల్సి వచ్చాయి. అంటే అగరియా బొగ్గుకు నిషిద్ధమైన చెట్టు కంపెనీ పట్టాలకు నిషిద్ధం కాలేదు.

అగరియా పద్ధతిలో బొగ్గు చాలా ఖర్చవుతుందనీ, ఖనిజంలోని ఇనుములో చాలా భాగం చిట్టెంలోనే పోతుందనీ ఎదురు వాదన ఉంది. ఆ మాట నిజమే. చిట్టెం దిబ్బల్ని పరీక్షిస్తే ఎంత ఇనుము వృథా అయ్యిందో తెలుస్తుంది. కానీ అది సాంకేతిక లోపం. దాన్ని సరిచేసే అవకాశం ఇవ్వకుండా బట్టీనే ఆర్పేసి, తరవాత నెపం లోహాసురుడి మీద వేయడం న్యాయమైన చరిత్ర కాదు.

అగరియాలు ఆదివాసులు, చదువు లేనివాళ్లు, అందుకే నిలబడలేకపోయారు అనేవాళ్లకు మన తెలంగాణనే చూపిస్తాను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసలో ఉక్కు తయారు చేసేవారు. ఇనుప ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూతి బిగించి, గంటల తరబడి తిత్తులూది, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు అక్కడికి వచ్చి మకాం పెట్టేవారు. 1820ల్లో హెన్రీ వాయిజీ అనే సర్వే వైద్యుడు ఆ ఊరికి వెళ్లి చూసి రాసిన వివరణ, ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. లండన్‌లో మైకేల్ ఫారడే 1819లో ఈ రకం భారతీయ ఉక్కును పరీక్షకు పెట్టాడు. 2010లో ఎక్స్‌టర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు నియాస్ సంస్థ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి, మూసల పెంకులూ చిట్టెం దిబ్బలూ వెతికి నమోదు చేశారు. ఆ కమ్మరులు జంధ్యం వేసుకునే విశ్వబ్రాహ్మణులు. వాళ్లకూ నమ్మకాలున్నాయి. ఉత్తర తెలంగాణలో ఇనుము తీసినవాళ్లు మమ్మాయి అనే దేవతను కొలిచారు. శాస్త్రం చెప్పుకునే కులం, ప్రపంచ మార్కెట్టు, ఫారడే మెచ్చిన సరుకు, అన్నీ ఉండి కూడా కోనసముద్రం కొలిమి ఆరింది. చదువూ మార్కెట్టూ ఉన్నచోటా లేనిచోటా ఆరిన కొలిమికి దేవతను కారణంగా చూపడం తర్కం కాదు.

ఇప్పుడు భిలాయ్‌కి వద్దాం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. దేశం గర్వించాల్సిన కర్మాగారం, దాని మీద నాకు గౌరవమే. అక్కడ 2018లో వెలిగించిన 8వ బ్లాస్ట్ ఫర్నేస్ పేరు మహామాయ. రాయపూర్ పురానీ బస్తీలోనూ, రతన్‌పూర్‌లోనూ గుళ్లున్న దేవత పేరు అది. రూర్కెలాలో 5వ ఫర్నేస్ పేరు దుర్గ. ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ నాడు దేశమంతటా కార్ఖానాల్లో యంత్రాలకు దండలు వేస్తారు, కొబ్బరికాయలు కొడతారు, ఇంజనీర్లు కుంకుమ పెట్టుకుంటారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. వేడి లోహం దగ్గర ప్రాణాలు పణంగా పెట్టి పనిచేసేవాళ్లు ఒక పూట దేవుణ్ణి తలుచుకుంటే ఎవరికీ నష్టం లేదు. నా ప్రశ్న ఒక్కటే. నాలుగు వేల ఘనపు మీటర్ల కొలిమికి మహామాయ పేరు పెడితే సంప్రదాయం, నడుమెత్తు మట్టి బట్టీ ముందు లోహాసురుడి పేరు తలిస్తే మూఢనమ్మకం ఎలా అవుతుంది? తేడా దేవుళ్లలో లేదు. కొలిమి ఎవరిదన్న దాంట్లో ఉంది.

జపాన్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అక్కడ ఇనుప ఇసుకతో, కట్టె బొగ్గుతో, మట్టి బట్టీలో ఉక్కు తీసే పద్ధతి పేరు తతారా. దానికి కనయాగో అనే దేవత. ఆ దేవతకు ఆడవాళ్లు గిట్టరని, బట్టీ దగ్గరికి స్త్రీలను రానిచ్చేవారు కాదు. బహిష్టు స్త్రీని మాత్రమే దూరం పెట్టే అగరియాల కంటే కఠినమైన నిషేధం. అయినా 1977లో షిమానే కొండల్లో ఆ బట్టీని తిరిగి వెలిగించారు, కత్తులు చేసేవాళ్లకు కావాల్సిన ఉక్కు అక్కడి నుంచే వెళ్తోంది. పారిశ్రామిక దేశాల్లో అగ్రస్థానంలో ఉన్న జపాన్ ఆ బట్టీని తన వారసత్వంగా చూసుకుంటుంది. దేవత ఉన్నందుకు సిగ్గుపడలేదు, దేవత కోసమూ దాన్ని వెలిగించలేదు. విద్య విలువ తెలిసి వెలిగించింది.

మన దగ్గర జరుగుతున్నది వేరు. బస్తర్ లోహార్లు దేవుళ్ల కోసం చేసిన దీపాలూ, గుర్రాలూ బస్తర్ ఇనుప కళగా భౌగోళిక గుర్తింపు పొందాయి, రాయపూర్‌లో శబరీ దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి. నమ్మకంలోంచి పుట్టిన వస్తువు డ్రాయింగ్ రూములో కావాలి, నమ్మిన మనిషి మాత్రం వెనకబడినవాడు.

వెనకబాటుకు నమ్మకమే కారణం కాదని గాడియా లోహార్ల కథ కూడా చెబుతుంది. చిత్తోడ్ 1568లో పడిపోయినప్పుడు కోట తిరిగి చేతికొచ్చేదాకా ఇంట్లో ఉండబోమని ప్రతిజ్ఞ చేసి, బండ్ల మీదే బతికిన కమ్మరులు వాళ్లు. 1955 ఏప్రిల్‌లో నెహ్రూ స్వయంగా వాళ్లను చిత్తోడ్ కోటలోకి తీసుకెళ్లాడు. ప్రతిజ్ఞ తీరింది. ఆ తరవాత కూడా వాళ్ల బండ్లు ఎన్నో ఊళ్ల రోడ్ల పక్కనే ఉండిపోయాయి. ఎందుకంటే వాళ్లకు అడ్డమైంది ప్రతిజ్ఞ ఒక్కటే కాదు. పట్టా ఉన్న జాగా లేదు.

ఇక నా వాదనకు వచ్చే బలమైన అభ్యంతరం. హరేలీ మేకు టోనహీ భయాన్ని బతికిస్తోంది కదా అని. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో టోనహీ అంటే చేతబడి చేసే ఆడది. ఎవరి పశువు చచ్చినా, ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా, ఒంటరి వితంతువు మీదికి వేలు చూపించి, కొట్టి, ఊరేగించి, చంపిన సంఘటనలు ఎన్నో. అందుకే 2005లో టోనహీ ప్రతాడన నివారణ చట్టం చేయాల్సి వచ్చింది. రాయపూర్ కేంద్రంగా పనిచేసే అంధశ్రద్ధా నిర్మూలన సమితి వాళ్లు హరేలీ రాత్రి ఊళ్లు తిరిగి ఈ భయం పోగొట్టే ప్రయత్నం చేస్తారు. వాళ్లు చేసేది ప్రాణాలు కాపాడే పని, వాళ్లకు నా పూర్తి మద్దతు ఉంది.

అయినా ఆ చట్టం ఎవరి చేయి పట్టుకుందో గమనించండి. ఫలానా ఆడది టోనహీ అని చెప్పేవాణ్ణి పట్టుకుంది. ఆమెను హింసించేవాణ్ణి పట్టుకుంది. మంత్రాలతో నయం చేస్తానని దండుకునే ఓఝాను పట్టుకుంది. మేకు కొట్టే లోహార్‌ను కాదు. ఇది సరైన విచక్షణ. మేకు ఎవరి పేరూ చెప్పదు. ఊళ్లో అందరి గుమ్మానికీ ఒకే మేకు, వితంతువు గుమ్మానికి కూడా. హింస మొదలయ్యేది ఒక పేరు బయటికి వచ్చినప్పుడు. ఆ పేరు వెనక చాలాసార్లు పొలం గట్టు తగాదా ఉంటుంది, ఆస్తి ఆశ ఉంటుంది, పక్క ఊళ్లో డాక్టరు లేని ఆసుపత్రి ఉంటుంది. భయం పోవాలన్నది నా కోరిక కూడా. భయం పోయాక మేకు దానంతట అదే పండుగ గుర్తుగా మిగులుతుంది. అప్పటిదాకా లోహార్‌ను దోషిగా నిలబెట్టడం వల్ల ఒక్క స్త్రీ ప్రాణమూ నిలవదు, అతని చేటలో పడే బియ్యం మాత్రం ఆగిపోతాయి. కర్రు కాల్చే పని ట్రాక్టరు తినేసింది, కొడవలి పని యంత్రం తినేసింది. మన ఊళ్లలో కమ్మరికి కళ్లంలో కొలిచే మేర పోయినట్టే అక్కడా పోతోంది. ఏడాదిలో ఊరంతా అతని కోసం తలుపు తీసే రోజులు ఎన్నో లేవు.

బహిష్టు స్త్రీ బట్టీ దగ్గరికి రాకూడదన్న నిషేధాన్ని మాత్రం నేను సమర్థించను. అది అన్యాయం, పోవాల్సిందే. అయితే స్త్రీని కొలిమికి దూరం పెట్టింది అగరియా ఒక్కడేనా? 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ స్త్రీలను రాత్రి పనికి దూరం పెట్టింది. 1952 గనుల చట్టం భూగర్భ గనుల్లోకి రానివ్వలేదు, ఆ కట్టు 2019లో గానీ సడలలేదు. చదువుకున్నవాళ్లు పార్లమెంటులో కూర్చుని రాసిన చట్టాలివి. స్త్రీ రక్షణ అని కారణం చెప్పారు. కారణం మారినా స్త్రీ గేటు బయటే నిలబడింది. వేలు చూపించదలిస్తే రెండు వైపులా చూపించాలి.

లోహార్‌కు అండగా నిలబడతామని వచ్చే మరో వర్గంతోనూ నాకు పేచీ ఉంది. హరేలీ వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో, వేపాకు సూక్ష్మక్రిముల్ని చంపుతుంది, ఇనుము పిడుగుల్ని ఆకర్షించి ఇంటిని కాపాడుతుంది, మన పూర్వీకులకు సైన్సు ముందే తెలుసు అని చెప్పేవాళ్లు తయారవుతారు. గుమ్మానికి కొట్టిన బొటనవేలంత మేకు పిడుగును ఏమీ చేయలేదు, భూమిలోకి తీగ లేని ఇనుము ఎవరినీ కాపాడదు. ఇలాంటి మాటలు లోహార్‌కు గౌరవం ఇవ్వవు. అతని అసలు విజ్ఞానం మేకులో లేదు, బట్టీలో ఉంది. ఖనిజం ఎంచుకునే కంటిలో, గాలి నడిపే కాలిలో ఉంది. ఆ విజ్ఞానాన్ని ఆర్పేసినవాళ్లను వదిలిపెట్టి, మేకుకు లేని సైన్సు అంటించడం రెండో అవమానం.

ఇవాళ మైకల్ కొండల్లో ఒక అగరియా కుటుంబం బట్టీ వెలిగించాలనుకుంటే వాళ్లను ఆపేది ఏమిటో చూడండి. 1927 అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో బొగ్గు కాల్చడం నేరం. 1957 గనుల చట్టం ప్రకారం ఖనిజం తవ్వాలంటే లీజు కావాలి, గంపెడు రాయికైనా లారీడు రాయికైనా. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది, కలప అందులోకి రాదు. లోహాసురుడు వద్దనలేదు. ఈ మూడు చట్టాలే వద్దన్నాయి.

వాటిని రద్దు చేయమని అడగడం లేదు. అడవికి కాపలా కావాలి. అడిగేది చిన్నది. పడిపోయిన సరాయి మానుల్లో కొంత, దల్లీ రాజహరా గనుల గుట్టల్లోంచి కొన్ని గంపల ఖనిజం, ఇంకా ఈ విద్య చేతిలో ఉన్న కుటుంబాలకు చట్టబద్ధంగా ఇవ్వొచ్చు. నవా రాయపూర్ పురఖౌతీ ముక్తాంగణ్‌లో ఆదివాసీ జీవితాన్ని బొమ్మల్లో చూపిస్తున్నారు. అక్కడ నిజమైన బట్టీ ఒకటి కట్టించి, తొక్కేవాళ్లకు నైపుణ్యం ఉన్న పనివాడికిచ్చే కూలీ ఇచ్చి నడిపించొచ్చు. రాయపూర్ ఎన్ఐటీ 1956లో గనుల, లోహ శాస్త్రాల కళాశాలగానే పుట్టింది. దాని లోహ శాస్త్ర విభాగం విద్యార్థులు ఆ బట్టీ పక్కన కూర్చుని వేడి ఎంతో, వాయువులు ఏ పాళ్లలో ఉన్నాయో, చిట్టెంలో ఎంత ఇనుము పోతోందో కొలవాలి. కొలిచిన పత్రం మీద తొక్కిన మనుషుల పేర్లు కూడా రచయితలుగా అచ్చు వేయాలి, 1887లో వేయని పేర్లు.